కార్పొరేటర్‌గా ఇండిపెండెంట్‌గా నిలబడదామనుకుంటున్నా, అనుభవం ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి

ఫ్లాట్_304

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. నాకు 43 ఏళ్లు. హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం, సొంత ఫ్లాటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ఆరేళ్లుగా నేనే సెక్రటరీని. నేనేదో గొప్పవాణ్ణని కాదు, జనరల్ బాడీ మీటింగ్‌లో ఈసారి ఎవరు ఉంటారు అనగానే మిగతా అందరూ ఫోన్లు చూసుకుంటారు కాబట్టి.

మొన్న వానాకాలంలో మా గేటు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. స్కూలు బస్సు మలుపు దగ్గరే ఆగిపోతే వాచ్‌మన్, నేను కలిసి పదకొండు మంది పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తుకుని దాటించాం. పైన బాల్కనీలోంచి ఎవరో వీడియో తీసి కాలనీ గ్రూపుల్లో పెట్టారు. అంతే, ఆ రాత్రి నుంచి "మీరే నిలబడండి సార్, మేమంతా ఉన్నాం" అని మెసేజ్‌లు. మా కార్పొరేటర్ ముఖం ఆ మూడు రోజుల్లో నేను ఫ్లెక్సీ మీద తప్ప ఎక్కడా చూడలేదు. మొదట్లో నవ్వి ఊరుకున్నా, ఇప్పుడు నిజంగానే ఆలోచిస్తున్నా.

నా లెక్క ఇది. మాది 186 ఫ్లాట్లు, ఫ్లాటుకి మూడు ఓట్లు వేసుకున్నా 550. చుట్టుపక్కల నాలుగు కాలనీల సంఘాలు కూడా మాతో ఉన్నాయి, అవన్నీ కలిపితే మూడున్నర, నాలుగు వేలు. పైగా డివిజన్లు 150 నుంచి 300 చేశారు కదా, మా డివిజన్ కూడా రెండు ముక్కలైంది. డివిజన్ చిన్నదైతే ఇండిపెండెంట్‌కి కూడా ఛాన్స్ ఉండాలి కదా?

అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఎంత ఖర్చవుతుంది, ఉద్యోగం చేస్తూ కుదురుతుందా, ఏదైనా పార్టీని అడగాలా లేక ఇండిపెండెంట్‌గానే వెళ్లాలా, అసలు గెలిస్తే ఆ నీళ్ల సంగతి నేను తేల్చగలనా. మా ఆవిడ మాత్రం ఒకటే మాట అంది: "లిఫ్టు మెయింటెనెన్స్ బాకీలే వసూలు చేయలేని మనిషివి, ఓట్లేం అడుగుతావు?"

గోడమీద_పిల్లి

అన్నా, ముందు వదిన అడిగినదానికి జవాబు చెప్పు, నీ ప్రశ్నల సంగతి మేం చూసుకుంటాం.

కుట్టుమిషన్_అక్క

2020లో జీహెచ్‌ఎంసీకి ఇండిపెండెంట్‌గా పోటీ చేసి డిపాజిట్ పోగొట్టుకున్నదాన్ని, కాబట్టి నాకు మాట్లాడే హక్కుందనుకుంటున్నా. నాకు పడినవి 611 ఓట్లు. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నానో చదివితే మీకే తెలుస్తుంది.

తమ్ముడూ, నేనూ మీలాగే అపార్ట్‌మెంట్ నుంచి వచ్చినదాన్నే, కాకపోతే మాది 312 ఫ్లాట్లు, మీకంటే పెద్ద లెక్క వేసుకున్నా. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చెప్తా. ఫ్లాటుకి మూడు ఓట్లు అన్నారే, అవి మనుషులు, ఓట్లు కాదు. మా 312 ఫ్లాట్లలో ఓటరు లిస్టులో ఉన్నవాళ్లు 270 మంది. ఫ్లాట్లు కాదు, మనుషులే 270. మిగతావాళ్ల ఓట్లు గుంటూరులో, కరీంనగర్‌లో, పాత అద్దె ఇంటి అడ్రసులో. పోలింగ్ డిసెంబర్ 1, మంగళవారం. ముందు రోజు సోమవారం కార్తీక పౌర్ణమి, దాని ముందు శని, ఆదివారాలు. నాలుగు రోజుల సెలవు! శుక్రవారం సాయంత్రానికే మా సెల్లార్ సగం ఖాళీ. "ఆల్ ది బెస్ట్ మేడమ్" అని ఊళ్ల నుంచి మెసేజ్‌లు మాత్రం బాగా వచ్చాయి. మా అపార్ట్‌మెంట్‌లో చివరికి ఓటు వేసింది 96 మంది, అందులో నాకెన్ని వేశారో దేవుడికెరుక.

నగరం మొత్తం మీద కూడా ఆ ఎన్నికలో పోలింగ్ 46.55 శాతమే. 74 లక్షల పైచిలుకు ఓటర్లు, 150 డివిజన్లు, అంటే సగటున డివిజన్‌కి యాభై వేల మంది, పోలయ్యేది 23 వేలు. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి, అంటే 3,800 పైన. మీ డివిజన్ సగమైనా సరే, ఇదే లెక్కన డిపాజిట్‌కే రెండు వేలు కావాలి. మీ కాలనీల నాలుగు వేలు "ఉన్న" ఓట్లు కాదు, "ఉండొచ్చు" ఓట్లు.

అయినా నన్ను ముంచింది అది కూడా కాదు, రోజులు. నామినేషన్లు నవంబర్ 18 నుంచి 20 వరకు. ఉపసంహరణ 22న. ఆ సాయంత్రం గానీ ఇండిపెండెంట్‌కి గుర్తు ఇవ్వరు. ప్రచారం 29 సాయంత్రంతో బంద్. కారు, పువ్వు, చెయ్యి, పతంగి పుట్టినప్పటి నుంచి చూస్తున్న జనానికి నా గుర్తేంటో చెప్పడానికి నాకు దొరికింది ఏడు రోజులు. నామినేషన్‌లో మూడు గుర్తులు రాసిస్తే మూడోది వచ్చింది, కుట్టు మిషన్. కరపత్రాలకి ఆర్డర్ ఇస్తే ప్రెస్సు వాళ్లు "అక్కా, పెద్ద పార్టీల పని ఉంది, రెండు రోజులు ఆగండి" అన్నారు. ఏడులో రెండు అక్కడే పోయాయి.

సరే, 25న ఒక బస్తీకి వెళ్లాం. నేను, మా ఆయన, మా మరిది, డప్పు కొట్టే ఇద్దరు పిల్లలు. నేను మైకులో "మీ అమూల్యమైన ఓటు కుట్టు మిషన్‌కి" అంటున్నానో లేదో పది నిమిషాల్లో నలభై మంది ఆడవాళ్లు వచ్చేశారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి, ఇంత ఆదరణా అని. ఒక పెద్దావిడ ఆధార్ జిరాక్సు నా చేతిలో పెట్టి "నా కోడలి పేరు గూడ రాస్కో బిడ్డా, మిషన్ ఎప్పుడిస్తరు?" అంది. వాళ్లంతా కుట్టు మిషన్లు పంచుతున్నామనుకుని వచ్చారు! కాదు ఇది ఎన్నికల గుర్తు అని చెప్పడానికి అరగంట పట్టింది, చెప్పాక ఐదుగురు మిగిలారు. ఆ పెద్దావిడ మాత్రం పోలేదు. జిరాక్సు మడిచి కొంగున ముడేసుకుంటూ "పోనీలే, మా మోరీ సంగతన్న చూడు" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. అక్కడ నేను చూసిందాన్ని బట్టి మా అపార్ట్‌మెంట్ సమస్యలు సమస్యలే కాదు. డివిజన్‌లో పన్నెండేళ్లు ఉండి ఆ గల్లీలోకి నేను వెళ్లడం అదే మొదటిసారి. వాళ్లు నాకెందుకు వేయాలి, మీరే చెప్పండి.

డబ్బు సంగతి. అప్పట్లో జీహెచ్‌ఎంసీ అభ్యర్థికి ఖర్చు పరిమితి 5 లక్షలు. నాకు 2 లక్షల 80 వేలు అయింది, ఆటోలు, మైకు, కరపత్రాలు, టీలు, టిఫిన్లు, ఏజెంట్లు. నా డివిజన్‌లో అరవై బూత్‌ల దాకా ఉంటే నాకు ఏజెంట్లు దొరికింది 17 చోట్ల. అందులో ఒక కుర్రాడు మధ్యాహ్నం బిర్యానీ ప్యాకెట్ కోసం పక్క పార్టీ టేబుల్ దగ్గరికి వెళ్లి మళ్లీ రాలేదు, సాయంత్రం చూస్తే మెడలో వాళ్ల కండువా. వాణ్ణి తప్పు పట్టను, నేను పంపిన పులిహోర పదకొండింటికే అయిపోయింది.

గెలవడం కోసమైతే ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి, నోటిఫికేషన్ వచ్చాక కాదు. ముందు ఓటరు లిస్టు డౌన్‌లోడ్ చేసి మీ 186 ఫ్లాట్లలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఆ అంకె వచ్చాక మళ్లీ ఇక్కడికి రండి, మాట్లాడుకుందాం.

రిటైర్డ్_బిల్‌కలెక్టర్

బాబూ, నేను మున్సిపల్ సర్వీసులో ముప్పై ఏళ్లు చేశాను, ఎన్నికల డ్యూటీలు లెక్కలేనన్ని. అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. కాగితాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లే ఇక్కడ ఎక్కువ బోల్తా పడతారు, అన్నీ తెలుసనుకుంటారు.

వయసు 21 నిండాలి. మీరు కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటరైనా ఏ డివిజన్ నుంచైనా నిలబడొచ్చు, కానీ మిమ్మల్ని ప్రతిపాదించే మనిషి ఆ డివిజన్ ఓటరే అయి ఉండాలి. ఇది తిరగేసి గుర్తుపెట్టుకుని బావమరిదినో, ఆఫీసు ఫ్రెండ్‌నో తీసుకొచ్చేవాళ్లను చూశాను. డిపాజిట్ 2020లో జనరల్‌కి 5 వేలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకి 2,500. ఆస్తిపన్ను బకాయి పైసా లేకుండా కట్టి ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు రాయాలి. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, లేకపోతే లేదు అని రాయండి. ఖాళీ గీత ఒకటి కనబడితే పరిశీలన రోజు ఎదుటివాడి లాయర్ దాన్నే పట్టుకుంటాడు. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా లెక్కలు అప్పజెప్పాలి. ఓడిపోయాం కదా ఇంకెందుకు అని వదిలేసేవాళ్లు కొల్లలు, వాళ్లు మూడేళ్లు మళ్లీ పోటీకి పనికిరాకుండా పోతారు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ అడగలేదు. రిజర్వేషన్! 2020లో 150లో 75 డివిజన్లు మహిళలకే. మీ డివిజన్ మహిళకి వస్తే మీరు కాదు, మెయింటెనెన్స్ బాకీ గురించి అడిగిన ఆ అమ్మాయే నిలబడాలి. ఇల్లంతా సిద్ధం చేసుకుని రిజర్వేషన్ జాబితా చూసి చతికిలపడ్డవాళ్లను ప్రతిసారీ చూశాను. కొందరు భార్య పేరు మీద నామినేషన్ వేసి ఫ్లెక్సీలో తన ఫొటో పెద్దది, ఆవిడది చిన్నది వేయించుకుంటారు, తర్వాత ఐదేళ్లూ ఆఫీసులో కుర్చీ మీద కూర్చునేది కూడా తనే. మీరు ఆ పని మాత్రం చేయకండి.

ఒక్క ఓటు ఏం చేస్తుందిలే అనుకోవద్దు. అదే ఎన్నికలో బీఎన్ రెడ్డి నగర్‌లో తేడా 32 ఓట్లు. నేరేడ్‌మెట్‌లో 544 బ్యాలెట్ల మీద స్వస్తిక్ గుర్తు బదులు వేరే ముద్ర పడింది, ఆధిక్యం అంతకంటే తక్కువ, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లి అందరి ఫలితాలూ 4న వస్తే వాళ్లది 9న వచ్చింది. పాత మలక్‌పేటలో సీపీఐ అభ్యర్థి పేరు ఎదురుగా కంకి కొడవలి బదులు సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం అచ్చయింది, పోలింగ్ ఆపి 3వ తేదీన మళ్లీ పెట్టారు. కాబట్టి నమూనా బ్యాలెట్ చేతికి రాగానే మీ పేరు, మీ గుర్తు కళ్లు పెట్టి చూసుకోండి. ఇండిపెండెంట్లు ఎలాగూ అడుగునే ఉంటారు, గుర్తింపు పొందిన పార్టీలన్నీ అయ్యాక.

గెలిస్తే నీళ్ల సంగతి తేల్చగలనా అన్నారు. హైదరాబాద్‌లో మంచినీళ్లు, మురుగు లైను చూసేది జలమండలి, కరెంటు డిస్కం, వాననీటి కాలువ, రోడ్డు, చెత్త, వీధి దీపం కార్పొరేషన్. కార్పొరేటర్ వీటిలో దేనికీ యజమాని కాదు. కౌన్సిల్‌లో అడగొచ్చు, పనులకి ప్రతిపాదన ఇవ్వొచ్చు, ఇంజనీర్ వెనకాల పడొచ్చు. డబ్బు కదిలేది స్టాండింగ్ కమిటీలో, అందులో 15 మంది. మేయర్‌ని ఎన్నుకునేటప్పుడు కార్పొరేటర్లే కాకుండా ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కూడా ఎక్స్ అఫీషియో హోదాలో చేయెత్తుతారు. అన్నట్టు 2020 నాటికి గౌరవ వేతనం నెలకి 6 వేలు. ఉద్యోగం మానేసే ముందు ఆ అంకె ఒకసారి గట్టిగా చదువుకోండి.

ఫ్లాట్_304

బాబాయ్ గారూ, మహిళా రిజర్వేషన్ సంగతి నిజంగా నా బుర్రకి తట్టలేదు. మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. పెసరట్టు తిప్పుతూ విని "నేను నిలబడితే ముందు బాకీల లిస్టు నోటీసు బోర్డుకి అంటిస్తా" అంది. నవ్విందో సీరియస్సో అర్థం కాలేదు.

జెండా_మోసినోడు

పదిహేనేళ్లు ఒక పార్టీలో గల్లీ స్థాయిలో తిరిగినోణ్ణి, ఇప్పుడు మానేసి నా షాపు నేను చూసుకుంటున్న. చేదుగా ఉన్నా చెప్తా.

2016ల ఫలితం చూడు. టీఆర్‌ఎస్ 99, మజ్లిస్ 44, బీజేపీ 4, కాంగ్రెస్ 2, టీడీపీ 1. కూడితే 150. 2020ల టీఆర్‌ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2. మళ్ల కూడు, 150. ఇండిపెండెంట్ ఏడున్నడు? రెండు ఎన్నికల్ల కలిపి 300 సీట్లకి ఒక్కడు లేడు. నాలుగేండ్లల్ల 99 కాస్తా 56 అయింది, 4 కాస్తా 48 అయింది. ఆ మారిన సీట్లల్ల కార్పొరేటర్లు అందరూ చెడ్డోళ్లనా, కొత్తోళ్లు అందరూ మంచోళ్లనా? గాలి. హైదరాబాద్‌ల కార్పొరేటర్ ఎన్నిక నీ మోరీ మీద జరగదన్నా, టీవీల నడిచే ముచ్చట మీద జరుగుతది. నువ్వు పిల్లల్ని ఎత్తుకున్న వీడియో మంచిదే గానీ పోలింగ్‌కి మూడు రోజుల ముందు ఢిల్లీ నుంచి పెద్ద లీడర్ దిగిండంటే దాన్ని ఎవడు చూస్తడు.

మరి పార్టీ టికెట్ అడుగుదువా అంటే, బీ-ఫారం, అంటే మా అభ్యర్థి ఈయనే అని పార్టీ ఇచ్చే కాగితం, ఉపసంహరణ గడువు దాకా చేతికి రాదు. ముగ్గురితో నామినేషన్ వేయించి ఆఖరి గంటల ఒకడికి ఇస్తరు. ఆరేండ్లు జెండా మోసినోడు పక్కకి, నిన్న కండువా కప్పుకున్నోడు ముందుకి. నా మీద నడిచిందే ఇది, అందుకే షాపుల కూసున్న.

ఒక ఉపాయం చెప్తా, చిన్న మున్సిపాలిటీల్ల రెబల్స్ చేస్తరు. టికెట్ రానోళ్లు ఇండిపెండెంట్‌గ పోకుండ ఫార్వర్డ్ బ్లాక్ బీ-ఫారం తెచ్చుకుంటరు, సింహం గుర్తు. ఎందుకంటే ఆ అక్క చెప్పినట్టు గుర్తు కోసం ఆఖరి రోజు దాకా కాసుకుని ఉండే పని లేదు, అందరికీ ఒకటే గుర్తు, ముందు నుంచే చెప్పుకోవచ్చు. 2020 జనవరిల కొల్లాపూర్‌ల 20 వార్డులుంటే 11 సింహమే గెలిచింది. కానీ అది సింహం గెలుపు గాదు, వెనక ఉన్న లీడర్ గెలుపు. నీ వెనక ఎవరున్నరు, వాట్సాప్ గ్రూపా?

ఇంకొకటి రాసిపెట్టుకో. నువ్వు గెలుస్తవా లేదా ఏ పార్టీకీ అక్కర్లేదు. నీ వెయ్యి ఓట్లు ఎవరి ఖాతాల నుంచి పోతున్నయి అనేదే లెక్క. ఉపసంహరణ ముందు రోజు రాత్రి నీ ఇంటికి ఒకాయన స్వీట్ డబ్బాతో వస్తడు, "అన్నా తప్పుకో, మనం చూసుకుందాం" అని. తెల్లారి ఇంకొకాయన వస్తడు, "అన్నా తప్పుకోకు, ఖర్చు మాది" అని. ఇద్దరికీ ఏం చెప్తవో ఇప్పుడే అనుకో, అప్పుడు ఆలోచించే టైం ఉండదు.

ఉక్కునగరం_బాబాయ్

మాది విశాఖ. జీవీఎంసీలో 2021లో 98 వార్డులకి ఇండిపెండెంట్లు నలుగురు గెలిచారు, కాబట్టి అసలు కుదరదు అనే మాట మాత్రం ఒప్పుకోను. కానీ మా వైపు ఇండిపెండెంట్‌గా నెగ్గుకొచ్చేవాళ్లని చూస్తే ఒకటి అర్థమవుతుంది, గుర్తు కొత్తదే గానీ మనిషి పాతవాడు. పేటలో ఏ పెళ్లికి భోజనాలు చాలకపోయినా, ఏ చావుకి పాడె కట్టాలన్నా తలుపు కొట్టేది వాళ్ల ఇంటిదే. పార్టీ ఇవ్వకపోతే విడిగా దిగుతారు, జనం గుర్తు వెతుక్కుని మరీ వేస్తారు.

గుర్తు టైం గురించి ఆవిడ ఏడు రోజులని బాధపడుతోంది, మా కథ వినండి. 2020 మార్చిలో నామినేషన్లు వేశాం, మా తోడల్లుడు అభ్యర్థి, నేను వెనకాల పనులు చూసేవాణ్ణి. పరిశీలన కూడా అయిపోయింది. 15న కరోనా వల్ల మొత్తం ప్రక్రియ ఆపేశారు. ఆరు వారాలన్నారు, ఏడాది అయింది. ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టారు, అంటే 2021 మార్చి 3న ఉపసంహరణ గడువు ముగిసింది, 10న పోలింగ్. అభ్యర్థి అయి ఏడాది, గుర్తు మాత్రం వారం! ముందు జాగ్రత్త అని 2020లోనే గుర్తు చోట ఖాళీ వదిలి పది వేల కరపత్రాలు కొట్టించి అటక మీద పెట్టాం. దించి చూస్తే సగం చెదలు. మిగిలినవాటి మీద రబ్బరు స్టాంపుతో గుర్తు గుద్దుకుంటూ మా ఇంటిల్లిపాది రెండు రాత్రులు కూర్చున్నాం. ఫొటోలో మావాడికి మీసాలు నల్లగా ఉన్నాయి, ఎదురుగా చూస్తే ఏడాదిలో నెరిసిపోయాయి, జనం ఇతను ఆయన నాన్నగారా అని అడిగారు.

ఓడిపోయాం. కానీ డిపాజిట్ వెనక్కొచ్చింది, అది రాసుకోండి. ఎందుకొచ్చిందంటే లాక్‌డౌన్ టైంలో ఎలాగూ అభ్యర్థివి కదా అని మావాణ్ణి అందరూ పిలిచేవారు, కూరగాయలకి, మందులకి, పాసులకి. తప్పక తిరిగాడు. ఆ ఏడాది తిరుగుడే ఆ ఓట్లు. నామినేషన్ వేసి పది రోజుల్లో ఎన్నిక జరిగి ఉంటే మూడు వందలు కూడా వచ్చేవి కావు.

కుట్టుమిషన్_అక్క

జెండా తమ్ముడు చెప్పిన లెక్కలు సరైనవే, గాలి మాట కూడా నిజమే. కానీ "నీ మోరీ మీద జరగదు" అన్నదానికి ఒక్క మాట. కౌంటింగ్ రోజు నేను హాల్లో ఉన్నా. బ్యాలెట్లు 25 చొప్పున కట్టలు కడుతున్నారు. పెద్ద పార్టీల ట్రేలు పొంగిపోతున్నాయి, నా ట్రేలో అడుగు కనబడుతోంది. నేను పోలింగ్ రోజు బూత్‌ల వారీగా రాసుకున్న కాగితాలు, నా దగ్గరికి వచ్చిన మనుషుల మాటలు కలిపి చూసుకుంటే నాకు వచ్చిన ఆ ఆరొందల్లో ఎక్కువ భాగం మా అపార్ట్‌మెంట్‌వి కావు, ఆ మోరీ గల్లీ చుట్టుపక్కలవే. నేను అక్కడికి పోయింది ఐదు రోజులు, అంతే. ఓడిపోయిన మర్నాడు ఆ పెద్దావిడ తన మనవణ్ణి వెంటేసుకుని మా గేటు దగ్గరికి వచ్చింది, సెక్యూరిటీ లోపలికి రానివ్వలేదు, నేనే కిందికి వెళ్లా. "ఓడినవంట గదా, మరి మోరీ?" అంది. ఓదార్పు లేదు, ఏమీ లేదు, సూటిగా మోరీ. ఇద్దరం కలిసి ఆఫీసుకి పోయి అర్జీ ఇచ్చాం. నాలుగు నెలలు పట్టింది, కానీ బండలు పడ్డాయి. అభ్యర్థిగా నిలబడ్డ మనిషి అంటే ఓడినా సరే కుర్చీ వేసి కూర్చోమంటారు, అసోసియేషన్ సెక్రటరీకి ఆ కుర్చీ వేయరు. ఇది మాత్రం నాకు తెలిసొచ్చిన సంగతి. 2 లక్షల 80 వేలకి కుర్చీ ఖరీదెక్కువే అని మా ఆయన అంటారు.

గోడమీద_పిల్లి

అక్కా, మళ్లీ నిలబడతావా?

కుట్టుమిషన్_అక్క

రిజర్వేషన్ రానీ, చూద్దాం. ఈసారి గుర్తుల్లో కుట్టు మిషన్ మాత్రం రాసియ్యను.

ఫ్లాట్_304

వారం తర్వాత వస్తున్నా, సారీ. అక్క చెప్పినట్టు లిస్టు డౌన్‌లోడ్ చేసి రెండు రాత్రులు కూర్చుని ఫ్లాటు ఫ్లాటుకీ టిక్కులు పెట్టుకుంటూ చూశాం, ఎక్సెల్‌లో నేను, కాగితం మీద మా ఆవిడ. 186 ఫ్లాట్లకి వచ్చిన ఓట్లు 131. అందులో ఇద్దరు చనిపోయారు, ముగ్గురు ఫ్లాటు అమ్మేసి వెళ్లిపోయారు. వీడియో చూసి "మేమంతా ఉన్నాం" అని మెసేజ్ పెట్టిన 64 మంది పేర్లు కూడా విడిగా వెతికా. లిస్టులో ఉన్నది 22 మంది.

ఇంకో విచిత్రం. డివిజన్ రెండు ముక్కలైనప్పుడు గీత మా రోడ్డు మధ్యలోంచి వెళ్లింది. మా ఓట్లు ఇంకా పాత అద్దె ఇంటి అడ్రసులోనే ఉన్నాయి, నాలుగేళ్ల కింద మార్చుకుందామనుకుని బద్ధకించా, అది రోడ్డుకి అవతల, పక్క డివిజన్‌లో. అంటే బాబాయ్ గారు చెప్పిన రూలు ప్రకారం నేను ఇక్కడ నిలబడొచ్చు, కానీ నా ఓటు నాకు పడదు. మా ఆవిడ ఓటు కూడా అంతే. ఈ సంగతి తెలిశాక ఆవిడ నవ్వడం ఇంకా ఆపలేదు.

ప్రస్తుతానికి చేస్తున్నది ఇదీ. కొత్త ఓటుకి ఫామ్-6, అడ్రసు మార్పుకి ఫామ్-8 అప్లికేషన్లు ఆదివారం సెల్లార్‌లో టేబుల్ వేసి నింపిస్తున్నాం, మొదటి రోజు 19 మంది వచ్చారు, ముందు మా ఇద్దరివే పెట్టాం. మా వెనక గోడ అవతల ఒక బస్తీ ఉంది. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అటువైపు వెళ్లలేదని ఈ పోస్టులు చదివాకే గుర్తొచ్చింది. మా వాచ్‌మన్ ఉండేది అక్కడే. నిన్న సాయంత్రం వాడితో కలిసి వెళ్లా. మా గేటు ముందు నిలిచే నీళ్లు అక్కడి నుంచే వస్తాయనుకునేవాణ్ణి. తీరా చూస్తే మా సెల్లార్ పంపు పెట్టి తోడే నీళ్లు వాళ్ల ఇళ్ల ముందుకే పోతున్నాయి. ఆ పైపు పెట్టించింది నేనే, మూడేళ్ల కింద, సెక్రటరీ హోదాలో.